చైనాలో నలుగురికి ఎన్ని ప్లేట్లు చెప్పాలి?

ప్రశ్న: మాది విజయవాడ, ఎలక్ట్రికల్ సామాను వ్యాపారం. మొన్న కాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య ప్రదర్శనకి మేం నలుగురం గ్వాంగ్‌జౌ వెళ్లాం. మొదటి రాత్రి దగ్గర్లో ఉన్న ఒక రెస్టారెంట్లో, ఇక్కడి అలవాటు ప్రకారం నాలుగు ఫ్రైడ్ రైస్, నాలుగు నూడుల్స్, చికెన్ రెండు రకాలు, ఒక చేప, రెండు కూరలు చెప్పాం. ఆర్డర్ రాసుకుంటున్న అమ్మాయి మధ్యలో చెయ్యి ఊపుతూ ఏదో అంది. ఇవ్వడం ఇష్టం లేదేమో అనుకుని ఇంకా గట్టిగా చెప్పాం. తీరా చూస్తే బల్ల మీద చోటు చాల్లేదు, సగానికి సగం వదిలేసి వచ్చాం. చేపకి మేం అనుకున్నదానికి మూడింతలు బిల్లు పడింది. తర్వాత మాకు సరుకిచ్చే ఆయన విందుకి పిలిస్తే కథ తిరగబడింది. ముందొచ్చిన నాలుగైదు రకాలతోనే కడుపు నింపేసుకున్నాం, అసలైనవి ఆ తర్వాత రావడం మొదలైంది. మేం ఖాళీ చేసినకొద్దీ ఆయన తెప్పిస్తూనే ఉన్నాడు. మాలో ఒకాయన శాకాహారి, ఆయన అవస్థ చెప్పనక్కర్లేదు. అక్టోబర్లో మళ్లీ వెళ్తున్నాం. అక్కడ ఒక ప్లేటు అంటే ఎంత? నలుగురికి ఎన్ని చెప్పాలి?
— ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను. అది తేలితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. నలుగురికి మూడు వంటకాలు, ఒక ఆకుకూర, ఒక సూప్, మనిషికో గిన్నె అన్నం. మొదటి విడతలో ఇంతకు మించి చెప్పకండి. ఆకలి మిగిలితే అప్పుడు ఇంకొకటి చెప్పొచ్చు. అక్కడ వేపుళ్లన్నీ పెద్ద మంట మీద నిమిషాల్లో అయిపోయేవే కాబట్టి, మధ్యలో చెప్పినా తినే ఊపు ఆగిపోయేంత ఆలస్యం కాదు. ముందే అంతా చెప్పేయకపోతే తర్వాత దొరకదేమో అన్న తొందర వల్లే సగం వృథా జరుగుతుంది.

ఇక ఒక ప్లేటు అంటే ఎంత అన్నది. మన దగ్గర చైనీస్ పేరుతో అమ్మే హోటళ్లు మనకొక లెక్క నేర్పాయి: ముందు స్టార్టర్, తర్వాత మనిషికో ఫ్రైడ్ రైసో నూడుల్సో, సూప్ అయితే వన్ బై టూ. ఎవరి ప్లేటు వారిది. చైనాలో కూర్చుని తినే రెస్టారెంట్లో ప్లేటుకి మనిషితో సంబంధం లేదు. అది బల్లది. వంటవాడు ఆ ప్లేటు నింపేటప్పుడు దాన్ని ముగ్గురు నలుగురు తలా నాలుగు ముక్కలు తీసుకుంటారనీ, దాని పక్కన ఇంకో మూడు నాలుగు రకాలు ఉంటాయనీ లెక్కేసుకునే నింపుతాడు. మనిషికి సొంతంగా ఉండేది ఒక చిన్న గిన్నె, ఒక చిన్న పళ్లెం, చాప్‌స్టిక్స్, అంతే. అందుకే అక్కడివాళ్లు ఇద్దరు కూర్చుంటే రెండు వంటకాలూ ఒక సూప్ చెప్తారు, ఆరుగురు కూర్చుంటే ఆరో ఏడో చెప్తారు. మనుషుల సంఖ్యకి వంటకాల సంఖ్య సమానంగా ఉండటం మామూలు లెక్క. గుంపు పెరిగితే ఒకటి తగ్గించుకోవచ్చు.

ఈ ఒకటి తగ్గించడం అన్నది ఈమధ్య చైనాలో పెద్ద చర్చే అయింది. 2013లో ‘ఖాళీ పళ్లెం’ ఉద్యమం అని ఒకటి మొదలై, ఆర్డర్ చేసిందంతా తినమని ప్రచారం చేసింది. 2020 ఆగస్టులో షీ జిన్‌పింగ్ ఆహార వృథా దారుణంగా ఉందని మాట్లాడాక వూహాన్‌లోని రెస్టారెంట్ల సంఘం ఒక ప్రతిపాదన పెట్టింది: పదిమంది వస్తే తొమ్మిదిమందికే చెప్పండి, చాలకపోతే తర్వాత తెప్పించుకోండి అని. మరుసటేడు 2021 ఏప్రిల్ 29న ఏకంగా ఆహార వృథాను అరికట్టే చట్టమే వచ్చింది. దాని ప్రకారం కొనేవాళ్లను ఎక్కువ చెప్పేలా ఎగదోసే రెస్టారెంటుని ముందు హెచ్చరిస్తారు, మారకపోతే 10,000 యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. మరీ ఎక్కువ వదిలేసిన కస్టమర్ దగ్గర, ఆ మిగులు పారేసే ఖర్చు కింద రెస్టారెంటు డబ్బు అడగొచ్చు, ఆ రేటు ముందే అందరికీ కనపడేలా పెట్టి ఉంటే.

ఇప్పుడు ఆ అమ్మాయి చెయ్యి ఊపిన సంగతి మీకు అర్థమై ఉంటుంది. ఆమె ‘గౌ ల, గౌ ల’ అని ఉంటుంది. చాలు, ఇక చాలు అని. మీకు ఇవ్వడం ఇష్టంలేక కాదు, నలుగురు మనుషులు పదమూడు ప్లేట్లు చెప్తుంటే ఆపబోయింది. అందులో ఎనిమిది ప్లేట్లు వట్టి అన్నమూ నూడుల్సే. ఆ మాట చెవిన పెట్టుకోండి. వడ్డించే మనిషి ‘గౌ ల’ అంటే అక్కడితో ఆపేయండి. ఆ బల్లకి ఎంత సరిపోతుందో ఆమెకి తెలిసినంత బాగా మెనూకి కూడా తెలియదు.

మీ ఆర్డర్లో అసలు చిక్కు కూడా ఆ ఎనిమిది ప్లేట్ల దగ్గరే ఉంది. మనకి అన్నం అంటే భోజనానికి ఆధారం, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అక్కడి రెస్టారెంట్ భోజనంలో కూరలే ముందు. అన్నమో, నూడుల్సో, ఆవిరి రొట్టెలో ఆఖర్న కడుపులో మిగిలిన ఖాళీని పూడ్చడానికి వస్తాయి. ఫ్రైడ్ రైస్ కూడా ఆ కోవలోదే. నలుగురు కూర్చున్న బల్లకి అది ఒక్క ప్లేటు వస్తుంది, తలా నాలుగు చెంచాలు గిన్నెలో వేసుకుంటారు. తెల్లన్నం కావాలంటే ‘మీ ఫాన్’ అని విడిగా అడగాలి, ‘ఇప్పుడే’ అని కూడా చెప్పాలి. లేకపోతే కూరలు సగం అయ్యాక తెచ్చిపెడతారు. ఆ గిన్నె మన కళ్లకి చిన్నగా ఆనుతుంది. ఫరవాలేదు, ఇంకో గిన్నె అడగండి. దాని ఖరీదు చాలా స్వల్పం. ఒక్కో ఫ్రైడ్ రైస్ ప్లేటు పెంచే బదులు ఒక్కో గిన్నె తెల్లన్నం పెంచుకుంటే డబ్బూ మిగులుతుంది, వృథా కూడా ఉండదు.

అన్ని ఊళ్లలోనూ ప్లేటు ఒకటేలా ఉండదు. మీరు వెళ్లే గ్వాంగ్‌జౌ, ఆ చుట్టుపక్కల కాంటనీస్ ప్రాంతంలో వడ్డన కాస్త సన్నగానే ఉంటుంది, కాబట్టి నేను చెప్పిన లెక్క అక్కడ సరిపోతుంది. అదే సరుకు చూడటానికి ఉత్తరాన షెన్‌యాంగో హార్బినో వెళ్లారనుకోండి, అక్కడ ఒక్కో వంటకం దాదాపు ఒక బేసినంత వస్తుంది. చలి ప్రాంతం, ధారాళంగా పెట్టే మనుషులు. నలుగురికి మూడు చెప్తే మిగిలినా ఆశ్చర్యం లేదు. వాయవ్యాన ఉన్న షిన్‌జియాంగ్ ప్రాంతపు వంటల హోటళ్లు చైనా అంతటా ఉంటాయి. అక్కడి ‘దా పన్ జీ’ అంటే పెద్ద పళ్లెంలో కోడి, బంగాళాదుంప, అడుగున వెడల్పాటి నూడుల్స్. పెద్దది చెప్తే కోడి మొత్తం వస్తుంది. నలుగురు మనుషులు ఆ ఒక్క పళ్లెంతో, పక్కన ఒక దోసకాయ సలాడ్‌తో భోజనం ముగించేయొచ్చు. బీజింగ్ బాతు కూడా అంతే, ముగ్గురు నలుగురికి ఒకటి చాలు. ఇద్దరే ఉంటే సగం బాతు ఇమ్మంటే చాలాచోట్ల ఇస్తారు.

సిచువాన్, చోంగ్‌చింగ్ వంటల దగ్గర మాత్రం కంటికి కనపడే పరిమాణాన్ని నమ్మకండి. ‘లాజీజీ’ అని ఒక కోడి వేపుడు ఉంటుంది. పళ్లెం నిండా గుట్టలా వస్తుంది, ఎర్రటి ఎండుమిరపకాయల గుట్ట. అందులో వేలి కణుపంత కోడి ముక్కలు ఎముకతో సహా దాగి ఉంటాయి, చాప్‌స్టిక్స్‌తో మిరపకాయలు పక్కకి తోసి ఏరుకోవాలి. ఆ మిరపకాయలు తినడానికి వేసినవి కావు. వాటిని తీసేస్తే మిగిలేది పళ్లెంలో కొద్ది భాగమే. గుంటూరు మిర్చికి అలవాటుపడ్డ మనవాళ్లు పంతానికి పోయి వాటినీ నమిలేస్తుంటారు, మరునాడు ఫెయిర్లో తిరగాల్సిన కాళ్లకి అది మంచిది కాదు. అలాగే ‘షుయ్ జూ యూ’ అని చేప ముక్కలు పెద్ద గిన్నెలో ఎర్రటి నూనెలో తేలుతూ వస్తాయి. చూడటానికి పదిమందికి సరిపడే పులుసులా ఉంటుంది. మన చెయ్యి ఊరుకోదు, గరిటెతో తీసి అన్నంలో పోసుకోబోతాం. వద్దు. అది నూనె, ముక్కల్ని వేడిగా ఉంచడానికే పోసింది. ముక్కల్ని, అడుగున ఉన్న మొలకల్ని పైకి తీసుకుని నూనె కార్చి తినాలి, మిగతాది గిన్నెలోనే వదిలేయాలి. అది వృథా కింద ఎవరూ లెక్కపెట్టరు.

చైనీస్ లిపి రాకపోయినా మెనూలో మూడు అక్షరాలు గుర్తుపడితే మీ పని తేలికవుతుంది. నిలువుగీతకి అటొకటి ఇటొకటి చిన్న గీతలుంటే అది చిన్న సైజు. ఒక గడిని నిలువుగీత నడిమికి చీలుస్తూ పోతే మధ్యస్థం. మనిషి చేతులూ కాళ్లూ చాపి నిలబడ్డట్టుంటే పెద్దది. ఒకే వంటకం పక్కన మూడు ధరలుంటే ఈ మూడూ వాటి పక్కన కనపడతాయి. నలుగురే అయినా ఎక్కువ రకాలు రుచి చూడాలని ఉంటే చిన్నవి చెప్పండి, ‘షావ్ ఫెన్’ అంటే చిన్నది అని అర్థమవుతుంది. బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినే హాట్‌పాట్ రెస్టారెంట్లలో సగం ప్లేటు దొరకడం మామూలే, ‘బాన్ ఫెన్’ అనండి. ఇలా చిన్న సైజులు ఇవ్వమనీ, ఇంతమందికి సరిపోతుందని మెనూలో రాయమనీ ఆ 2021 చట్టమే రెస్టారెంట్లకి చెప్తోంది. 2022 నాటి చైనా ఆహార మార్గదర్శకాలు కూడా రోజుకి కనీసం పన్నెండు రకాల పదార్థాలు, వారానికి పాతిక రకాలు తినమంటాయి. అన్ని రకాలు తినాలంటే ఒక్కోటి కొంచెం కొంచెం తినక తప్పదు. వాళ్ల బల్ల మీద అన్ని పళ్లేలు ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు బల్లకి అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి ఆర్డర్ పెట్టే పద్ధతి ఎక్కువైంది. బొమ్మలుంటాయి, సైజు ఎంచుకునే వీలుంటుంది, మనకి సుఖమే. కానీ నలుగురూ నాలుగు ఫోన్లు తీసి స్కాన్ చేస్తే అన్నీ ఒకే బుట్టలో పడి ఒక్కొక్కటి రెండుసార్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆర్డర్ ఒక్కరి చేతిలోనే పెట్టండి. అక్కడివాళ్ల ఆచారం కూడా అదే, బల్లకి ఒకరే చెప్తారు.

ఇక మీ చేప బిల్లు. ఆ రెస్టారెంటు మోసం చేసిందో లేదో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను, కానీ ఇలాంటి బిల్లు వెనక ఎక్కువగా జరిగేది ఇది: మెనూలో చేప పక్కన ఉండే ధర చేపకి కాదు, ఒక జిన్‌కి. జిన్ అంటే చైనాలో అరకిలో. తొట్టిలోంచి పట్టిన చేప ఒకటిన్నర కిలో తూగితే ఆ ధరకి మూడు రెట్లు కట్టాలి. పీతలు, రొయ్యలు, గవ్వచేపలు కూడా ఇలాగే అమ్ముతారు. పద్ధతిగా నడిచే చోట వలతో చేపని పట్టి, సంచిలో వేసి, కాటా మీద పెట్టి మీకు చూపించాకే లోపలికి తీసుకెళ్తారు. చూపించకపోతే మీరే తొట్టి దగ్గరికి వెళ్లి నిలబడండి. తూకం చూసి, ధరతో గుణించి, ఆ అంకెని ఫోన్లో కొట్టి వాళ్లకి చూపించి తల ఊపించుకోండి. నలుగురికి మిగతా వంటకాలతో పాటైతే జిన్నర చేప, అంటే ముప్పావు కిలోది బాగా సరిపోతుంది. తల, ముల్లు పోగా మిగిలే మాంసం అంతకంటే బాగా తక్కువే అని గుర్తుంచుకోండి. కొన్ని చోట్ల ధర ఉండాల్సిన చోట ఆ రోజు రేటు అని మాత్రమే రాసి ఉంటుంది, అలాంటప్పుడు అడగకుండా ఏదీ చెప్పకండి.

జిన్‌లో పదోవంతు లియాంగ్, అంటే 50 గ్రాములు. ఇది మీకు నూడుల్స్, కుడుముల దగ్గర తగులుతుంది. చోంగ్‌చింగ్, చెంగ్డూలలో నూడుల్స్ అంగడికి వెళ్తే ‘ఎన్ని లియాంగ్‌లు?’ అనే అడుగుతారు. మామూలు ఆకలికి రెండు, గట్టి ఆకలికి మూడు. ఉత్తరాన జియావ్‌జ అనే కుడుములు కూడా లియాంగ్‌లలో అమ్మే చోట్లున్నాయి. అక్కడ ఆ తూకం కుడుములది కాదు, వాటికి వాడిన పిండిది. ఒక లియాంగ్ అంటే సుమారు ఐదారు కుడుములు వస్తాయి. ఇది తెలియక 50 గ్రాములే కదా అని మనిషికి పది లియాంగ్‌లు చెప్పేస్తే యాభై అరవై కుడుములు ముందుంటాయి. షాంఘైలో అడుగు మాడ్చి చేసే ‘షెంగ్ జియాన్’ కుడుములు లియాంగ్‌కి నాలుగు. మీరుండే గ్వాంగ్‌జౌలో పొద్దున టీతో తినే డిమ్ సమ్ అనే చిరుతిళ్లు మాత్రం వెదురు బుట్టల లెక్క, బుట్టలో మూడో నాలుగో ఉంటాయి. మనిషికి రెండు బుట్టల చొప్పున మొదలుపెట్టండి. టీకి తలకింత అని విడిగా వేస్తారు, బిల్లులో అది చూసి కంగారుపడకండి. అన్నట్టు సూప్ ధర చూసేటప్పుడు కూడా అది బల్ల మొత్తానికా, తలకా అని అడగండి. చిన్న మూతగిన్నెలో ఒక్కొక్కరికి విడిగా ఉడికించి ఇచ్చే సూపులు కాంటనీస్ హోటళ్లలో చాలా ఉంటాయి.

ఒక్కరే తినాల్సి వస్తే ఇదంతా అక్కర్లేదు. అన్నం మీద కూర పోసిచ్చే ‘గాయ్ ఫాన్’, గిన్నె నూడుల్స్, ‘మా లా థాంగ్’ ఉన్నాయి. ఈ మూడోదాంట్లో కూరలు, మాంసం మీరే బేసిన్‌లో ఏరుకుంటే తూకం వేసి ఉడికించిస్తారు. బోర్డు మీది ధర జిన్‌కా, 50 గ్రాములకా అని చూసుకుని ఏరండి.

మిగిలితే పార్సిల్ కట్టమనండి, ‘దాబావ్’ అంటే చాలు. డబ్బాకి ఒకటి రెండు యువాన్లు తీసుకోవచ్చు. వ్యాపారస్తులం, పార్సిల్ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఇప్పుడు అక్కడ అడగకపోవడమే వింత.

విందు సంగతి వేరు. మామూలు భోజనంలో ఆర్డర్ మీ చేతిలో ఉంటుంది, విందులో తినే వేగం ఒక్కటే మీ చేతిలో ఉంటుంది. ముందొచ్చే పల్లీలు, దోసకాయ, చల్లని మాంసం ముక్కలు నాలిక తడుపుకోవడానికే. వాటిని తలా ఒకటి రెండు ముక్కలతో వదిలేయండి. కాంటనీస్ విందులో సూప్ ముందే వస్తుంది. తర్వాత ఒక్కొక్కటిగా వేడి వంటకాలు ఎనిమిదో పదో వస్తాయి, మొత్తం చేప చివరి వైపు వస్తుంది, ఆపైన ఫ్రైడ్ రైస్, నూడుల్స్. పండ్ల ముక్కలు వచ్చాయంటే ఇక అయిపోయినట్టే. కాబట్టి బల్ల మధ్యలో తిరిగే గుండ్రటి పలక మీద ఒక్కో పళ్లెం మీ ముందుకొచ్చినప్పుడు ఒక్క ముక్క, నచ్చితే రెండు, అంతే తీసుకోండి.

మీరు ఖాళీ చేసినకొద్దీ ఆయన తెప్పించడంలో తప్పేం లేదు. పళ్లెం ఖాళీ అయిందంటే అతిథికి చాల్లేదని ఆతిథ్యం ఇచ్చే మనిషి మనసు గుంజుతుంది. మన పెళ్లిపంక్తిలో విస్తరి ఖాళీ కాగానే మారు వడ్డించే మనుషులు ఎలా వచ్చి నిలబడతారో, ఆయనదీ అదే తత్వం. అందుకని మీ చిన్న గిన్నెలోకి తీసుకున్నది పూర్తిగా తినండి, మధ్యలో ఉన్న పెద్ద పళ్లెంలో ఆఖరి రెండు ముక్కలు మాత్రం వదిలేయండి. ఆ రెండు ముక్కలు కనపడితే ఆయన చెయ్యి మెనూ వైపు పోదు. మీ గిన్నెలో ఆయనే ఏదైనా వేస్తే సంతోషంగా తినండి, చాలనుకుంటే గిన్నెలో కొంచెం ఉంచుకుని మాట్లాడుతూ కూర్చోండి. ఖాళీ గిన్నె కనపడితే మళ్లీ వేస్తారు. అక్టోబర్లో మీరు ఆయన్ని తిరిగి పిలుస్తారు కదా, అప్పుడు మాత్రం సరిగ్గా మనుషుల లెక్కకి ఆగకుండా ఒకటి రెండు ఎక్కువే చెప్పండి, చేప తప్పకుండా ఉండాలి. ఆయనే ‘చాలు’ అంటే వినండి.

మీ శాకాహారి మిత్రుడి గురించి. గ్వాంగ్‌జౌలో ఆకుకూర ఎక్కడైనా దొరుకుతుంది, కానీ దాని మీద ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ పోయడం, మాంసం ఉడికించిన నీళ్లలో ఉడకబెట్టడం మామూలు. వెల్లుల్లితో మాత్రమే వేయించమని ఫోన్లో రాసి చూపించండి. బీన్స్ వేపుడులో, టోఫు అనే సోయా పనీర్‌లో కూడా మాంసం కీమా చల్లుతారు. బంగాళాదుంప సన్న తురుము వేపుడు, చితక్కొట్టిన దోసకాయ, వంకాయ-బంగాళాదుంప-క్యాప్సికం కలిపి చేసే ‘దీ సాన్ షియాన్’ నమ్మదగ్గవి, అయినా నూనె ఏదని అడగాలి. అక్కడ చాలామంది పంది కొవ్వు కూడా వాడతారు. బౌద్ధాలయాల దగ్గరి శాకాహార భోజనశాలల్లో ఈ బెడద లేదు, వీలైనప్పుడు నలుగురూ అక్కడికే వెళ్లండి. ఆయన అసలు అవస్థ మాత్రం పరిమాణం దగ్గరే వచ్చి ఉంటుంది. బల్ల మీదికి వచ్చిన ఆకుకూర కూడా బల్లదే, అందరూ తీసుకుంటారు, తినగలిగింది అదొక్కటే అయిన మనిషికి రెండు రెబ్బలు మిగులుతాయి. ఆయన ఉన్నప్పుడు మీ ఆర్డర్లో ఒక మాంసం తగ్గించి శాకాహారం రెండు పెద్ద సైజు చెప్పండి. అవి రాగానే ఉమ్మడి చాప్‌స్టిక్స్‌తో ఆయన వాటా ఆయన పళ్లెంలోకి తీసేసి, ఆ తర్వాతే బల్ల మధ్యలోని పలక తిప్పండి. విందుకైతే సరుకిచ్చే ఆయనకి రెండు రోజుల ముందే మెసేజ్ పెట్టండి: మాలో ఒకాయన మాంసం, చేప, గుడ్డు తినడు, ఆయనకి రెండు వంటకాలు విడిగా కావాలని.